మిల్లు గొంతు

బట్టల మిల్లు మూతపడి రోడ్డున పడ్డవాళ్లకు బహదూర్‌పురాలో మేం ట్రాన్సిస్టర్ రిపేరు నేర్పుతున్నాం. ఈ రోజు మా దగ్గర నేర్చుకున్న యాదగిరిని ఫలక్‌నుమాలో ఒక రేడియో దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం సేటు మూగబోయిన ట్రాన్సిస్టర్ చేతికిస్తే, కాసేపట్లోనే పాట వినిపించాడు. సేటుకు నచ్చింది. "రేపటి సంది వస్తవా?" అన్నాడు.

"తప్పకుండ వస్త సేటూ! పొద్దుగాల్నే వస్త!" అని యాదగిరి కేక పెట్టాడు. దుకాణంలో ఉన్న గిరాకీలంతా అటు తిరిగారు.

"గిట్ల మీదికొస్తవేంది భాయ్? లొల్లి మనిషి నాకొద్దు," అని సేటు మొహం తిప్పుకున్నాడు.

మిల్లులో మగ్గాల మోతకు పక్కవాడికి వినపడాలంటే అరవాల్సిందే. ఏళ్ల తరబడి అలా మాట్లాడినవాడికి అది అరుపని తెలియదు. ఈ సంగతి ఎంత చెప్పినా సేటు వినలేదు.

బయటికొచ్చాక, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా సార్?" అని యాదగిరి అడిగాడు, రోడ్డంతా వినపడేలా. లేదన్నాను.

రోజూ విని విని ఆ గొంతు మాకు అలవాటైపోయింది. రిపేరంతా నేర్పాం, మెల్లగా మాట్లాడమని మాత్రం ఒక్కరమూ చెప్పలేదు. మీ ఇళ్లలో మిల్లులో చేసినవాళ్లుంటే చెప్పండి, ఆ గొంతు తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుంది?