వందన డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫోల్డర్

కోనరావుపేట బడిలో ఏడో తరగతి చదివి, సహకార సంఘానికి రెండుసార్లు డైరెక్టరునై, మా ఊరికి బస్సు వేయించినవాణ్ణి నేను. అయినా ఈ నాలుగు మాటలు మా తమ్ముడి మనవరాలు వందన గురించి. సిరిసిల్లలో మరమగ్గం నడిపే మనిషి కూతురు. కోరుట్ల బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ పెట్టింది. షాపు మాట్లాడింది నేనే. షట్టరు దించేముందు కంప్యూటర్‌లో మిగిలిన జనం ఆధార్లు, పాస్‌పోర్టులు తుడిచెయ్యాలన్న కట్టుబాటు పెట్టిందీ నేనే. రోజూ నా చేత్తోనే తుడుస్తాను.

మొన్న ఎండాకాలం కొమురమ్మ వచ్చింది. ఆమె భర్త గంగరాజం గల్ఫ్‌లో చనిపోయాడు. శవం అక్కడి ఆసుపత్రిలోనే ఉంది. కంపెనీ వాళ్లు తమ మనిషి కాదని, పంపేది లేదంటున్నారు. వాళ్ల వెబ్‌సైట్‌లోని కార్మికుల జాబితాలో మాత్రం అతని పేరుంది. ఆ తెరను ఫోన్‌తో ఫోటోలు తీయించి జగిత్యాల కలెక్టరాఫీసుకు పట్టుకెళ్లిందట.

"కంపెనీ పేరు ఓ ఫోటోల, ఈయన పేరు ఇంకో ఫోటోల ఉన్నదట. రెండు ఒక్కతాన ఉండాల్నట చెల్లె."

"పేజీ మొత్తం ఒక్కటే బొమ్మల తీస్త అక్కా. ఇయ్యాల వాళ్ల సైటు తెరుసుకుంటలేదు, పొద్దుగాల రా."

జనం కాగితాలు తెరిచే కంప్యూటర్‌లో ఇలాంటి పనికి ఎవరో చేసిన ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, వేయడానికి వందన ఒప్పుకోదు. తానే కూర్చొని ఒకటి రాసింది. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌లో పెట్టి, బ్రౌజర్‌లో సొంత ప్రోగ్రాంలను ఒప్పుకునే డెవలపర్ మోడ్ వేసి, ఆ ఫోల్డర్‌ను చూపించింది. ఆ ఫోల్డర్ అక్కడ ఉన్నంతవరకే అది నడుస్తుందట. వేరే పేజీ మీద నొక్కి చూస్తే పై నుంచి కింది దాకా ఒకే బొమ్మ వచ్చింది.

తెల్లారి సైటు తెరుచుకుంది. ఎక్స్‌టెన్షన్ మాత్రం లేదు.

"తాతా, ఈడ ఓ ఫోల్డర్ ఉండె..."

"జనం కాయితాలనుకొని నేనే తుడిచిన బిడ్డా. చెత్తబుట్ట సుత ఖాళీ చేసిన."

"వాకిలి ఊడ్చినట్టే ఊడ్చినవ్ గద!" అంది. మళ్లీ తిట్టలేదు.

"ఈయన పేరు పోతదా చెల్లె?" అంది కొమురమ్మ.

"వాళ్లు జాబితా మార్చినా, ఈ తెరిచిన పేజీ ఉంటది. కరెంటు పోవద్దంతే."

రెండు గంటలు మళ్లీ మొదటినుంచి రాసింది. నేను తలుపు దగ్గర నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. సంఘంలో ఎన్ని తీర్మానాలు నెగ్గించానో, ఆ రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఈసారి ఫోల్డర్‌ను నేను తుడవని డి డ్రైవ్‌లో పెట్టింది. నొక్కింది. పైన కంపెనీ పేరు, కింద రెండు వందల పన్నెండో వరుసలో గంగరాజం. ఒకటే బొమ్మ.

అచ్చు తీసి ఇస్తే జగిత్యాలలో ఆ కాగితం తీసుకున్నారు. పంతొమ్మిదో రోజున శవపెట్టె వాళ్ల ఊరికి వచ్చింది. దాని మీద అంటించిన ఇంగ్లీషు చీటీని చదవమని కొమురమ్మ వందన చెయ్యి పట్టుకుంది.

వందన వంగి చదివింది. "మనోడే అక్కా," అంది.