ప్రార్థనలో రెండో సగం

మా పాస్టరుగారు నా ప్రార్థనను సగానికి కోసేసిన ఆదివారం నాకు బాగా గుర్తుంది. ఆయనకి గుర్తు లేదట. అందుకే కనిపించినప్పుడల్లా నేను గుర్తు చేస్తూ ఉంటాను.

మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలకి అద్దెకి తీసుకున్నాం. పొద్దున వాళ్ళు, మధ్యాహ్నం మేము. వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే మా తబలా మొదలవుతుంది. వాక్యం అయ్యాక పాస్టరుగారు "ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళు చెప్పండి" అంటారు. ఒక్కొక్కరూ లేచి చెబుతారు. ఒకరికి వీసా స్టాంపింగు, ఒకరికి కొనబోయే ఇంటి క్లోజింగు, ఒకరికి మోకాలి నొప్పి. ఆయన అన్నీ మనసులో పెట్టుకుని వరసగా ప్రార్థిస్తారు. ఆ జ్ఞాపకశక్తికి అందరూ ముచ్చటపడతారు. నేనూ పడేదాన్ని.

మా అమ్మాయి ఆర్మీలో మెడిక్. అంటే దెబ్బ తగిలిన సైనికుడి దగ్గరికి అందరికన్నా ముందు పరిగెత్తే మనిషి. ఆ నెలలోనే దాని యూనిట్‌ని యుద్ధానికి పంపారు. ఎవరికీ ఇష్టం లేని యుద్ధం అది. టీవీలో తిట్టుకుంటున్నారు, రోడ్ల మీద ఊరేగుతున్నారు, అయినా విమానాలు వెళుతూనే ఉన్నాయి. నేను లేచి స్పష్టంగా చెప్పాను. "మా అమ్మాయి క్షేమంగా తిరిగి రావాలి. ఈ యుద్ధం ఆగిపోవాలి. రెండింటి కోసమూ ప్రార్థించండి."

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. స్టాంపింగు అయింది, క్లోజింగు అయింది. మోకాలి దగ్గరైతే "ఎడమ మోకాలు, ప్రభువా" అని వివరంగా చెప్పారు. నా వంతు వచ్చింది. "సైన్యంలో ఉన్న మా బిడ్డని నీ రెక్కల కింద దాచు తండ్రీ" అన్నారు. ఆమెన్ అన్నారు. అయిపోయింది.

ఎడమా కుడీ గుర్తున్న మనిషికి యుద్ధం గుర్తు లేకపోవడం ఏమిటి?

గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"అయ్యగారూ, నా అవసరతలో సగమే చేశారు."

"ఏ సగం అమ్మా?"

"యుద్ధం ఆగాలన్న సగం."

ఆయన నవ్వి పక్కకి చూశారు. పక్కన మా సంఘ పెద్ద ఉన్నారు. చర్చి అద్దె మాట్లాడేదీ, తాళాలు పట్టుకునేదీ ఆయనే. ఆయన గొంతు తగ్గించి, "సిస్టర్, మీకు సిటిజన్‌షిప్ ఉంది, మీరేమన్నా చెల్లుతుంది. మనలో సగం మంది వీసాల మీద ఉన్నారు. ఎవరైనా వీడియో తీసి పెడితే వాళ్ళ గతేంటి? పైగా ఈ బిల్డింగ్ మనది కాదు. స్టేజీ మీద అమెరికా జెండా చూశారు కదా. ఆ రెండో సగం దేవుడికి తెలుసు లెండి" అన్నారు.

"మోకాలి సంగతి దేవుడికి తెలీదా బ్రదర్?"

ఆ మోకాలు ఆయనదే.

ఆయన భార్యతో నా లెక్క ఇంకా పాతది. మా అమ్మాయి ఆర్మీలో చేరిందని తెలిసిన రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అయ్యో వదినా, కాలేజీలో ఎక్కడా సీటు రాలేదా?" అంది. రెండు చోట్ల వచ్చింది. కాదనుకుని తనే వెళ్ళింది. ఆ మాట చెబితే "పోన్లే, నువ్వు ధైర్యంగా ఉండు" అని నా భుజం తట్టింది. యుద్ధం మొదలయ్యాక అదే మనిషి అందరితో "మా సోల్జర్ అమ్మాయి" అనడం మొదలుపెట్టింది. మా అంటే ఎవరి? పురిటినొప్పులు పడ్డప్పుడు ఈవిడ ఎక్కడుంది?

సరే, సంఘం ప్రార్థించకపోతే నేనే వీధిలోకి వెళ్ళాను. శనివారాల్లో టౌన్ హాల్ దగ్గర సిగ్నల్లో యుద్ధం వద్దనేవాళ్ళు నిలబడతారు. రిటైరైన టీచర్లు, ఒక డెంటిస్టు, ఊతకర్ర పట్టుకున్న పాత సైనికుడు ఒకాయన. అట్ట మీద ఇంగ్లీషులో "నా కూతురు అక్కడ ఉంది. యుద్ధం ఆపండి" అని రాసుకుని నేనూ వాళ్ళ పక్కన నిలబడ్డాను. మా ఆయన కార్లో కూర్చున్నారు. "నేను పార్కింగ్ చూసుకుంటా, నువ్వు ప్రపంచాన్ని చూసుకో" అన్నారు. ఆ పార్కింగ్ ఫ్రీ. చూసుకోవడానికి ఏమీ లేదు.

ఒక పికప్ ట్రక్కు వాడు అద్దం దించి "సపోర్ట్ ద ట్రూప్స్!" అని అరిచాడు. "ఆ ట్రూప్‌ని కన్నది నేనే!" అని నేనూ ఇంగ్లీషులోనే అరిచాను. ఊతకర్ర ఆయన అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు నుంచీ నాకు మడత కుర్చీ తెచ్చిపెట్టేవాడు.

ఇంకో శనివారం ఎర్ర లైటు పడితే సరిగ్గా నా ముందు ఆగింది మా సంఘ పెద్ద కారు. ఆయన స్టీరింగ్ మీద మచ్చేదో ఉన్నట్టు గోటితో గీకుతూ కూర్చున్నారు. నేను వంగి "వందనాలు బ్రదర్" అన్నాను. పచ్చ లైటు పడకముందే కారు కదిలింది. సంఘ పెద్దలకి ట్రాఫిక్ రూల్స్ ఉండవేమో.

మా అమ్మాయి అక్కడి నుంచి వీలైనప్పుడు ఫోన్ చేసేది. ఒక రోజు, "అమ్మా, నువ్వు ఇంకా సైన్ పట్టుకుని నిలబడుతున్నావా?" అంది.

"అవును. ఏం?"

"ఏం లేదు. ఫోటో ఎక్కడా పెట్టకు. ఇక్కడ నా ఫ్రెండ్స్ చూస్తే వియర్డ్‌గా ఉంటది."

నేను మాట మార్చి, పాస్టరుగారు సగమే ప్రార్థించడం గురించి మొత్తం చెప్పాను. అది విని, "మళ్ళీ చెప్తున్నావ్ అమ్మా, లాస్ట్ టైమ్ కూడా చెప్పావ్" అని నవ్వింది. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం దిగలేదు. నేను ఎవరి కోసం రోడ్డు మీద నిలబడుతున్నానో ఆ పిల్లకే అది నామోషీగా ఉందేమోనని. అట్ట మానేస్తే దాన్ని పంపినవాళ్ళు నెగ్గినట్టు. మానకపోతే అది నాకు దూరమైపోతుందేమో. ఆ భయం నేను మా ఆయనకి కూడా చెప్పలేదు. చెబితే పార్కింగ్ చూసుకుంటానంటారు.

ఆ సమయంలోనే నాకు బిర్యానీ తట్టింది.

మా సంఘంలో ఆరాధన అయ్యాక కింద హాల్లో ప్రేమవిందు ఉంటుంది. వారానికొక కుటుంబం భోజనం తెస్తుంది. ఎవరు తెస్తే వాళ్ళే భోజనం మీద ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనకి పాస్టరుగారైనా సరే, ఎవరూ అడ్డు రారు. అందరూ ప్లేట్లు పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటారు. చివర్లో ఆమెన్ అనకుండా ఎవరూ గరిటె ముట్టరు. ఇన్నేళ్ళూ నేను ఈ సంగతి చూస్తూ కూడా చూడలేదు.

వెంటనే వచ్చే వారం భోజనం మాదేనని చెప్పేశాను. మిగతావాళ్ళు ఎడిసన్ నుంచి కేటరింగ్ తెప్పిస్తారు. నేను తెల్లవారకుండానే లేచి చికెన్ దమ్ బిర్యానీ ఇంట్లోనే వండాను. అల్యూమినియం ట్రేల నిండా, మూత తీస్తే హాలంతా పుదీనా వాసన. ఆకలి మీదున్న జనం వరసలో నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకున్నాను.

బియ్యం పండించిన రైతుతో మొదలుపెట్టాను. కోడి దగ్గరికి వచ్చాను. తర్వాత మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఆ తర్వాత ఆగలేదు. "ప్రభువా, అక్కడ కూడా ఈపాటికి ఎవరో తల్లి అన్నం వండి మూత పెట్టి ఉంటుంది. పిల్లలు ఇంకా రాలేదని గుమ్మంలోకి చూస్తూ ఉంటుంది. ఆ ఇంటి మీద బాంబు పడకూడదు. ఈ యుద్ధాన్ని ఆపు తండ్రీ" అన్నాను. ఎవరి కడుపో గుర్రుమంది. నేను ఆమెన్ అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్‌కి కిటికీ అద్దాలు అదిరాయి. బిర్యానీ వల్లో, దేవుడి వల్లో నాకు అనవసరం.

పెద్దగారి భార్య నా దగ్గరికి వచ్చి, "బాగుంది వదినా. ఉప్పు కాస్త తగ్గింది. ప్రార్థన పొడుగైంది కదా, చల్లారింది కూడా" అంది.

ఉప్పు తగ్గలేదు. ఆవిడే రెండోసారి పెట్టించుకుంది. నేనే వడ్డించాను.

రెండు వారాలాగి మళ్ళీ భోజనం మాదే అన్నాను. ఈసారి వాళ్ళు తెలివికి పోయారు. పైన ఆశీర్వాదం ఇస్తూనే పాస్టరుగారు "కింద సిద్ధపరచిన ఆహారాన్ని కూడా దీవించు ప్రభువా" అని ముగించేశారు. కిందికి దిగగానే పెద్దగారు "ప్రార్థన అయిపోయింది, కానివ్వండి" అన్నారు.

"బిర్యానీకి అయింది బ్రదర్. పెరుగు చట్నీ అప్పటికి ఇంకా కార్లోనే ఉంది. దీని సంగతేంటి?" అన్నాను, గిన్నె పైకెత్తి చూపిస్తూ.

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేక, "చేయండమ్మా, పెరుగు చట్నీ మీద చేయండి" అన్నారు. పెరుగు చట్నీ మీద అంత పెద్ద ప్రార్థన ప్రపంచంలో ఎక్కడా జరిగి ఉండదు.

ఆ రోజు ట్రేలు కడుగుతుంటే ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడింది. వాళ్ళాయన గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. "అక్కా, మీలాగ సిగ్నల్లో నిలబడాలని నాకూ ఉంటుంది. ఆయన వద్దంటారు. భయం. ఇక్కడైతే కళ్ళు మూసుకుని ఉంటాం కదా, ఎవరు అన్నారో ఎవరికీ తెలీదు. అందుకే గట్టిగా అంటాను" అంది.

"ఏమిటి?"

"ఆమెన్."

అంతవరకూ ఆ ఆమెన్ నా బిర్యానీకి దక్కిందని కొంచెం గర్వపడుతూ ఉన్నాను. అది వాళ్ళదని అప్పుడు తెలిసింది. పెద్దగారు ఎవరి కోసం భయపడుతున్నానన్నారో వాళ్ళే ఈ ప్రార్థన కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మాట ఆయనకి చెబుదామని వెళ్ళి, ఆవిడ పేరు అడుగుతారని వెనక్కి వచ్చేశాను. నేను ఒక మాట మింగడం చాలా అరుదు.

కొన్నాళ్ళకి మా అమ్మాయి సెలవు మీద వచ్చింది. చిక్కింది, నల్లబడింది. చేయి మీద ఒక గీత ఉంటే, ఏమిటని అడిగితే "డబ్బా మూత గీసుకుంది" అంది. సెలవు అయ్యాక మళ్ళీ వెళ్ళాలి. ఆ ఆదివారం భోజనం పెద్దగారిది. కావాలనే తీసుకున్నారు. జెండా బొమ్మతో కేకు, శాలువా, చప్పట్లు. దానికి శాలువా కప్పుతుంటే "నాకెందుకు ఇది?" అన్నట్టు నా వైపు చూసింది. నాకూ తెలీదు మరి.

కింద హాల్లో పెద్దగారి భార్య అందరికీ వినబడేలా, "ఇవాళ భోజనం మీద ప్రార్థన మా సోల్జర్ చేస్తుంది" అంది. అని నా వైపు చూసి నవ్వింది. భోజనం వాళ్ళది, హక్కు వాళ్ళది. వాళ్ళ ప్రార్థన వాళ్ళు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. నన్ను నోరెత్తకుండా చేయడానికి నా కూతుర్నే ముందు పెట్టారు. ఇంత తెలివి ఆవిడకి ఉందని నేను అనుకోలేదు.

అమ్మ అట్ట గురించి ఇబ్బంది పడే పిల్ల, యూనిట్‌లో ఫ్రెండ్స్ ఉన్న పిల్ల. "మన సైన్యానికి విజయం" అని ఒక్క ముక్క అంటే చాలు, నా బిర్యానీలన్నీ బూడిదే. అంతకన్నా, అది నిజంగా అలాగే అనుకుంటోందని అందరి ముందూ తెలుస్తుంది.

అది కళ్ళు మూసుకుంది. సండే స్కూల్లో నేర్చుకున్న తెలుగే దానికి తెలిసిన తెలుగు. ట, త రెండూ దానికి ఒకటే.

"దేవా, ఫుడ్ కోసం థాంక్యూ. తెచ్చిన అంకుల్, ఆంటీకి థాంక్యూ. నాతో ఉన్నవాళ్ళు అందరూ ఇంటికి రావాలి. అక్కడి వాళ్ళు కూడా వాళ్ళ ఇంట్లో ఉండాలి." ఇక్కడ ఆగింది. అయిపోయిందనుకున్నాను. "ఇంకా, మా అమ్మ ప్రేయర్‌లో సెకండ్ హాఫ్ కూడా. ఎవరూ అడగట్లేదంట. నేను అడుగుతున్నా. ఆమెన్."

మా వాళ్ళు ముందు నవ్వారు. తర్వాత ఆమెన్ అన్నారు. గ్రీన్ కార్డు ఆవిడ గొంతు నేను గుర్తుపట్టాను. ఇంకో గొంతు కూడా గుర్తుపట్టాను, మగ గొంతు, అందరికన్నా కాస్త ఆలస్యంగా వచ్చింది. కళ్ళు తెరిచేసరికి పెద్దగారు మోకాలు రుద్దుకుంటూ కేకు వైపు చూస్తున్నారు.

ఇంటికి వెళుతూ కార్లో అడిగాను. "నీకు నామోషీ అనుకున్నానే."

"ఎంబరాసింగ్‌గానే ఉంటది అమ్మా. నువ్వు మొత్తం చాలా ఎంబరాసింగ్." వెనక సీట్లో కాళ్ళు చాపుకుని శాలువా కప్పుకుంది. "కానీ నీ సెకండ్ హాఫ్ వర్క్ చేస్తే, నాకు వర్క్ తగ్గుతది కదా."

మా ఆయన కారు నడుపుతూ, "చూశావా, పిల్లకి ఉన్న తెలివి" అన్నారు. ఎవరి పోలికో చెప్పలేదు. గుర్తుపెట్టుకున్నాను.

అది తిరిగి వెళ్ళిపోయిన తర్వాతి ఆదివారం, ప్రార్థన అవసరతల్లో నేను ఎప్పటిలాగే లేచి రెండూ చెప్పాను. పాస్టరుగారు స్టాంపింగులూ మోకాళ్ళూ ముగించి నా దగ్గరికి వచ్చారు. "మా బిడ్డని క్షేమంగా తీసుకురా తండ్రీ" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "ఆ రెండో సగం కూడా, ప్రభువా" అన్నారు.

యుద్ధం అనే మాట ఆయన నోటి వెంట ఇంకా రాలేదు. కనుక దీన్ని నేను పూర్తి ప్రార్థన కింద ఒప్పుకోను. ముప్పావు అంటాను. మిగిలిన పావు కోసం వచ్చే వారం భోజనం మాదేనని ఆ గుమ్మంలోనే చెప్పేశాను. ఉప్పు మాత్రం ఒక్క చిటికెడు ఎక్కువ వేస్తాను, పెద్దగారి భార్య కోసం.