బావ బిగించిన ఇంజిన్

ఆ ఇంజిన్ గురించి నేను అడిగినదానికి మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ బదులు చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఒకరు కాఫీ తెస్తారు, ఒకరు టీవీ పెడతారు. మొన్న రాజపాళయంలో మేనకోడలి నిశ్చితార్థం భోజనాల్లో మా బావ, అంటే అక్క భర్త, కుర్రాళ్లకు పాఠం చెబుతున్నాడు: "లోపల గట్టి చేయకుండా టర్బో పెట్టకూడదురా. ఇంజిన్ పగిలిపోతాది." ఎదురు వరసలో కూర్చున్న నేను ఆ మాట వింటూ, రసం ఆకు దాటి పంచె మీదికి కారుతున్నా చూసుకోలేదు.

ఆ పాఠం మొదట నాకే చెప్పాడు. సత్రపట్టి దారిలో ఆయనకు లేత్ షెడ్డు ఉంది. మిల్లు యంత్రాల్లో అరిగిన భాగాలు సరిచేస్తాడు. నా పాత పెట్రోలు కారుకు టర్బో పెట్టాలని నాకు పిచ్చి పట్టినప్పుడు, అది గాలిని బలవంతంగా లోపలికి తోస్తుందనీ, ఆ ఒత్తిడికి కారుతో వచ్చిన పోత పిస్టన్లు పగులుతాయనీ, సన్నటి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయనీ ఓపిగ్గా వివరించాడు. గట్టి పిస్టన్లు, కాల్చి కొట్టిన ఉక్కు రాడ్లు, వాటికి తగిన బోల్టులు కోయంబత్తూరు నుంచి తెప్పించాను. రాడ్ల మీద నా ఇనీషియల్ గీసి, నూనె కాగితంలో చుట్టాను. మా అమ్మ చూసి, "ఏమిరా, పెండ్లికూతురి నగలు చుట్టినట్టు చుట్టినావు?" అని నవ్వింది. వాటినీ కారునూ బిగించమని బావ షెడ్డులో అప్పగించాను.

మా ఊరి మిల్లుల్లో ఒక అలవాటు ఉంది. బిగించిన యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోశాక, అది ఆడి చూపించేదాకా ఎవరూ విప్పరు. నేను షెడ్డుకు వెళ్లేసరికి నా ఇంజిన్ బొట్టు పెట్టుకుని కూర్చుంది. "ఒకతూరి విప్పి చూపించండి బావా" అన్నాను. బావ కంటే ముందు, నాతో వచ్చిన మా నాన్నే ఆ ప్రశ్నకు కసిరాడు: "ఇంటల్లుణ్ణి కేళ్వి అడిగేదా? సిగ్గు లేదా నీకు?" బావ నవ్వి, "పోనీండి, విడండి మామా, చిన్నోడు" అన్నాడు. అప్పటికే చిన్నోడి తల సగం నెరిసింది.

మంసాపురం దారిలో, నేను నడుపుతున్న కారులో అమ్మా అక్కా ఉండగానే, లోపల సమ్మెటతో కొట్టినట్టు చప్పుడైంది. రాడ్డు విరిగి ఇంజిన్ గోడను చీల్చుకుని బయటికొచ్చింది. బావ వచ్చి ఒక్క చూపు చూసి, "యాక్సిలరేటర్ మీద నీ కాలు బరువురా, ఏ ఇంజిన్ తాళతాది?" అన్నాడు. ఆ మాటే ఖాయమైపోయింది. ఇప్పటికీ పెళ్లిళ్లకు పోయేటప్పుడు మా అక్క పిల్లలు, "మామ బండి వద్దు, పగిలిపోతాది" అని వేరే కారెక్కుతారు.

విరిగింది సన్నటి రాడ్డు, కారుతో పాటు వచ్చిన పాతది. కొన్నాళ్లకు బావ కారుకూ టర్బో వచ్చింది. ఆయన దాన్ని విప్పిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. బల్ల మీద నా రాడ్లు ఉన్నాయి, నా ఇనీషియల్‌తో సహా. అక్క కూడా చూసింది. చూసి, "టీ తాగుతావా?" అంది.

కాలం గడిస్తే అన్నీ చల్లారతాయంటారు. కాలానికి ఆ ఓపిక ఉందేమో, నాకు లేదు. రాడ్ల సంగతి ఎలాగో సర్దుకుంటాను బావా. లోపల పాతవే ఉన్నాయని తెలిసీ, ఆ పొద్దు మా అక్కను ఆ కారెక్కించి చేయి ఊపి పంపినారే, ఎట్లా పంపినారు? దానికి బదులు చెప్పండి.