ఎడమది కుడికి

ముప్ఫయ్యేళ్లు బస్సుల షెడ్డులో పనిచేసిన ఆ మనిషిని వీధి వీధంతా బ్రేకుల మేస్త్రి అనే పిలిచేది. ఆయన చేయి పడిన బండి గీత గీసినట్టు ఆగేది. ఏం లాభం? ఊళ్లో బండ్లన్నిటికీ బ్రేకులు వేసిన మహానుభావుడు తన నోటికి మాత్రం వేసుకోలేకపోయాడు. కోపం వస్తే ఎదుట ఉన్నది కొడుకా, పరాయివాడా అని చూసేవాడు కాదు.

ఆ కొడుకు పోయి మూడేళ్లయింది. జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్లినవాడు మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. ఇంట్లో మిగిలింది మామ, కోడలు, కొడుకు నడిపిన పాత కారు. "నీకింకా ముప్ఫై నాలుగే తల్లీ. ఈ ముసలోడికి కాపలా కాస్తూ కూర్చుంటావా?" అని పోరి పోరి ఆమెను రెండో పెళ్లికి ఒప్పించింది మామే. వరుడు ఆమె ఆఫీసులోనే పనిచేసి ఈమధ్యే వేరే ఊరికి బదిలీ అయిన మనిషి, నెమ్మదస్తుడు. పెళ్లయిపోయింది; ఆదివారం ఆమె ఆ కారులోనే అతనుండే ఊరు వెళ్లిపోతుంది. ఒప్పించిన ఆ నోట్లోకే ఇప్పుడు ముద్ద పోవడం లేదు.

కారు వెనక బ్రేకులు పట్టేసి కీచుమంటున్నాయి. "షాపులో ఇచ్చేద్దాం మామయ్యా, మీకు కళ్లు సరిగా ఆనడం లేదు కదా" అంది కోడలు.

"నా కోడలు ఎక్కే బండికి ఇంకొకడు బ్రేకు బిగిస్తే నేను బతికున్నట్టా, చచ్చినట్టా?"

చేతులారా ఇచ్చి పంపడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు మరి.

శనివారం పొద్దున్నే వాకిట్లో కారును జాకీతో లేపి, కింద దిమ్మలు పెట్టి, వెనక చక్రాలు విప్పాడు. డిస్కును అటూ ఇటూ అదిమి పట్టుకునే క్యాలిపర్లు రెండూ ఊడదీశాడు. లోపలి పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఒకటి చెప్పిన మాట విని బయటికొచ్చింది. రెండోదాన్ని గంటసేపు బతిమాలి, తిట్టి, తిప్పి తిప్పి లాగాల్సి వచ్చింది. కోడలు పీట వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో మడ్డి వదిలేదాకా రుద్దింది. కొత్త రబ్బరు సీళ్లను బ్రేక్ ఆయిల్లో తడిపి, వేలికొసతో గాడిలో కూర్చోబెట్టాడు మేస్త్రి. చూపు తగ్గినా వేళ్లకు పని తెలుసు.

మధ్యాహ్నానికి అంతా బిగించి, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం మొదలుపెట్టారు. అది ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చేసి గాలిని బయటికి పంపాలి.

"తొక్కు తల్లీ."

"తొక్కాను మామయ్యా."

"అలాగే పట్టు... ఇక వదులు."

సీసాడు ఆయిల్ అయిపోయింది. పెడల్ మాత్రం మెత్తగా నేలదాకా దిగిపోతూనే ఉంది. మేస్త్రి గొట్టాలన్నీ తడిమి చూశాడు. ఎక్కడా చుక్క కారడం లేదు. రేపు ఈ బండిలో పిల్ల ఎలా వెళ్తుంది?

కోడలు దిగొచ్చి చక్రం దగ్గర వంగింది. "మామయ్యా, ఇది కుడివైపు కదా? దీనిమీద 'ఎ' అని గీసి ఉంది. అటుదానిమీద 'కు'. రుద్దుతుంటే కనిపించాయి, మీరు పెట్టుకున్న గుర్తులేమో అనుకున్నాను."

"నేనెప్పుడు పెట్టాను?"

కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించాడు. పైన ఉండాల్సిన నిపిల్ కిందికొచ్చింది. పైన చిక్కుకున్న గాలి ఎంత తొక్కినా పోదు. ఇక ఆ 'ఎ' అంటారా, చివర తోక పైకి విరిచి రాసి ఉంది. ఆ రాత ఇద్దరికీ తెలుసు.

మేస్త్రి నేలమీద చతికిలబడ్డాడు. పదమూడేళ్ల కిందట కొడుకు మొదటిసారి తనంతట తాను ఇవే బ్రేకులు బాగుచేసి, నాన్న మెచ్చుకుంటాడని ఇదే వాకిట్లో నిలబడ్డాడు. బిగించింది తిరగేసి. "కళ్లా, గాజు గోళీలా? అడ్డగాడిదలా పెరిగావు, కుడి ఎడమ తెలియదా? తినేది అన్నమా, గడ్డా?" అని వీధంతా వినేలా అరిచాడు మేస్త్రి. వాడు కిక్కురుమనకుండా విప్పి సరిగ్గా బిగించాడు. ఇంకోసారి తప్పు జరగకూడదని అప్పుడే గీసుకుని ఉంటాడు. ఆ ఇంకోసారి రాలేదు. ఆ తర్వాత వాడు పానా ముట్టలేదు.

"నీతో ఎప్పుడైనా అన్నాడా తల్లీ, ఈ సంగతి?"

"బ్రేకుల పని నాన్నది, నేను ముట్టుకోను అనేవారు."

"నవ్వుతూ అనేవాడా?"

కోడలు ఒక అబద్ధం ఆడేయొచ్చు. అయినా, "లేదు మామయ్యా" అంది.

మేస్త్రి చిన్నపిల్లాడిలా బోరుమన్నాడు. "ముప్ఫయ్యేళ్లు ఇదే పని చేసినవాణ్ని, నేనూ అదే తప్పు చేశానమ్మా. నన్నెవడు తిట్టాలి? మెల్లగా ఒక్క మాట చెప్పుంటే నా సొమ్మేం పోయేది?" కోడలు నూనె చేతులతోనే ఆయన భుజం పట్టుకుని తనూ ఏడ్చింది.

తర్వాత రెండూ విప్పి, ఏ పక్కది ఆ పక్క బిగించి, ఇంకో సీసా తెచ్చి గాలి తీశారు. పొద్దు వాలేసరికి పెడల్ రాయిలా నిలబడింది.

ఆదివారం సామానంతా కారులో సర్ది, కోడలు స్టీరింగు ముందు కూర్చుంది. నవ్వడానికి ప్రయత్నిస్తూ, "అక్కడున్న ఆయనకు పానా పట్టుకోవడం కూడా రాదు మామయ్యా. మీరొచ్చి నేర్పాలి" అంది.

"నేర్చుకుంటాడులే." మేస్త్రి కిటికీ అంచు వదల్లేదు. "తిరగేసి బిగిస్తే మాత్రం తిట్టకు తల్లీ. మెల్లగా చెప్పు."

ఆమె తలూపింది. బండి కదిలించింది.

కారు వీధి చివర గీత గీసినట్టు ఆగి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. మేస్త్రి చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

"బాగా చేశావురా నాన్నా" అన్నాడు పైకే. వినాల్సినవాడు లేడు.