గిడ్డంగి ఫ్లాటులో నాంచారమ్మ గారు

2006వ సంవత్సరం. బందరులో అద్దె ఇళ్లు చూపించే పనిలో నేను అప్పటికే తలపండినవాణ్ణి. పాత రేవు వైపు, ఒకప్పుడు ఓడల సరుకు దాచిన గిడ్డంగుల్లో ఒకదాన్ని ప్రసాదరావు గారనే ఆయన కొన్నారు. మూరెడు మందం గోడలు అలాగే ఉంచి, లోపల ఆరు లగ్జరీ ఫ్లాట్లు కట్టించారు. ఎత్తయిన కప్పు, లిఫ్టు, జనరేటరు. ఊళ్లో అంతకుముందు అలాంటి ఇల్లు లేదు. మూడింటికి నేనే మనుషుల్ని తెచ్చాను.

నాలుగోదానికి నాంచారమ్మ గారు వచ్చారు. ఆవిడది కృత్తివెన్ను దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. చేపలు, రొయ్యలు కొని ఐసులో పెట్టి లారీలకెత్తిస్తారు. కూతురు బందరు కాలేజీలో చేరింది.

“ఇద్దరికీ ఇంత ఇల్లెందుకమ్మా?” అన్నాను.

“పొద్దస్తమానం ఐసులో, బురదలో ఉంటానండి. ఇంటికొచ్చాక బాగుండాలిగా. ఇదే ఇప్పించండి.”

ప్రసాదరావు గారికి చెబితే మొహం చిట్లించారు.

“చేపలవాళ్లకా? వాసనండీ బాబూ. ఎవరికో ఇచ్చేశామని చెప్పేయండి.”

మా పనిలో చాలామంది ఆ అబద్ధం తడుముకోకుండా చెప్పేస్తారు. నాకు నోరు రాలేదు. మర్నాడు నాంచారమ్మ గారికి ఆయన అన్నది అన్నట్టే చెప్పాను.

“నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. ఆ మాట నాతోనే అనమనండి.”

ఎదురుగా కూర్చుంటే ఆయన అనలేకపోయారు. షరతు పెట్టారు. “ఇంట్లో చేపలు వండకూడదు. పని నుంచి వచ్చేటప్పుడు వెనక మెట్లమీదుగా రావాలి.”

“వండుతానండి. లిఫ్టులోనే వస్తాను. అందరితోపాటు అద్దె కడుతూ వెనక మెట్లెందుకెక్కాలి?”

“నాకేం లేదమ్మా. పక్క ఫ్లాటు మాస్టారు వాళ్లు ఆచారపరులు. వాళ్లకిబ్బంది.”

ఆ మాస్టారిని తెచ్చిందీ నేనే. “అయితే వాళ్లనే అడుగుదాం పదండి,” అని లేచాను. ఆయన గొణుగుతూనే వెంట వచ్చారు.

మాస్టారి భార్య కామేశ్వరమ్మ గారు తలుపు తీసి అంతా విన్నారు.

“మేం అడగని మాట మా పేరు మీద ఎందుకంటున్నారండీ? ఆవిడ వంట ఆవిడది, మా వంట మాది. మధ్యన ఇంత గోడ ఉండనే ఉంది.” తర్వాత నాంచారమ్మ గారి వైపు తిరిగి, “మీ అమ్మాయి ఏం చదువుతోందమ్మా?” అన్నారు.

ప్రసాదరావు గారు ఇక కాదనలేకపోయారు. అయినా నాకు అనుమానమే. రెండు నెలలకే ఏదో వంకతో ఖాళీ చేయిస్తే? అందుకే అగ్రిమెంటులో, కూతురి చదువయ్యేదాకా లాకిన్ పీరియడ్ రాయమన్నాను. అంటే, ఆ గడువు దాకా ఓనరు ఖాళీ చేయించడానికి వీల్లేదు.

“ఎప్పుడూ లేనిది ఈవిడకెందుకు?” అన్నారు.

“రాయకపోతే మిగతా ఫ్లాట్లకు నేను మనిషిని తీసుకురానండి.”

సంతకం పెట్టారు. ఆ తర్వాత నాకు మళ్లీ ఒక్క ఇల్లూ అప్పగించలేదు. నేనూ అడగలేదు. నాంచారమ్మ గారు దిగిన రోజే కిటికీలన్నీ తీసి పులస కాకపోయినా మంచి చేపల పులుసే పెట్టారు. కూతురి చదువయ్యాక కూడా ఆ ఇల్లు వదల్లేదు.

ఇల్లు ఇవ్వననే మాటైనా సరే, ఉన్నదున్నట్టే చేరవేయాలని అప్పటినుంచి నా నియమం. ఆ రోజు ‘అయిపోయిందమ్మా’ అనేసి ఉంటే, ఎవరితో పోట్లాడాలో కూడా ఆవిడకు తెలిసేది కాదు.