మా అన్నను యానాం తీసుకుపోయిన సంగతి

దయ్యం, గాలి, ధూళి అనే మాటలు వింటే నాకు మొదటి నుంచీ నవ్వే. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదువుకున్నవాళ్ళు భయపడినంత వివరంగా భయపడడం నాకు చేతకాదు. మిర్యాలగూడలో మిల్లుల చుట్టూ ట్రాలీ ఆటో నడుపుకుని బతుకుతాను. ఒకసారి ఒళ్ళంతా తౌడు పూసుకుని బస్తాల వెనక కూర్చుని, పట్టపగలే ఇద్దరు హమాలీలను గేటు దాకా ఉరికించాను. ఈ చుట్టుపక్కల దయ్యం అంటూ ఒకటి ఉంటే అది నేనేనని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్ళ మీద నాకేం కోపం లేదు. పోయినేడు ఎవరైనా నాకు చెప్పి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

మా అన్న పేరు నర్సింహ. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. మా అమ్మానాన్న నా చిన్నప్పుడే పోతే అన్న, వదిన లక్ష్మమ్మ నన్ను పెంచారు. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు పెళ్ళి లేదు. కిరాయి గదిలో పడుకునేవాణ్ణి, రెండు పూటలా వదిన చేతి అన్నం తినేవాణ్ణి. నాకు ఇల్లు అంటే అదే.

అన్న ఒక రైస్ మిల్లులో హమాలీ. నిండైన మనిషి. అన్న చూసిన ప్రపంచం కొలిచి చెప్పొచ్చు. పైకి పోతే సూర్యాపేట దాటి తుంగతుర్తి, అది వదిన పుట్టిల్లు. ఇటు కోదాడ, కిందికి వాడపల్లి. అంతే. అన్న ఎత్తిన బియ్యం మాత్రం కాకినాడ ఓడరేవు దాకా పోయి, అక్కడి నుంచి ఓడలెక్కి ఏయే దేశాలకో పోయేవి.

ఆ బియ్యం లారీ నడిపే డ్రైవరు ఒకాయన అన్నకు యానాం గురించి చెప్పాడు. ఆంధ్రా నడుమనే ఉంటుందట, ఆంధ్రా మాత్రం కాదట. వెనకట ఫ్రాన్సు వాళ్ళు ఏలారట. రెండు రోజులు చాలట, అంతా చూసేయొచ్చట. అప్పటి నుంచి అన్నకు అదే ధ్యాస. పడవ ఎక్కాలి. పెద్ద టవర్ ఉందట, దాని కింద నిలబడాలి. గోదావరి చేప తినాలి. చల్లటి బీరు ఒకటి తాగాలి. అన్నిటికంటే ముందు సముద్రం చూడాలి. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకునేవాడు.

"తమ్మీ, ఇద్దరం పోదాంరా. రెండు రోజులే గద," అని నన్ను అడిగాడు.

నేను ఊరుకుంటానా? "అన్నా, అది ఫ్రాన్సోళ్ళ ఊరు. పాస్‌పోర్టు లేకుంటే లోపటికి రానియ్యరు," అన్నాను.

అన్న నమ్మాడు. స్టూడియోకు పోయి ఫోటోలు దిగాడు. మిల్లుకు ఒక పూట సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆన్‌లైన్ సెంటర్లో లైనులో నిలబడి యానాం పోవడానికి పాస్‌పోర్టు కావాలని అడిగాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారట. ఆ ముచ్చట సాయంత్రానికి మిల్లంతా తెలిసింది. ఎట్లా తెలిసిందంటే, నేనే చెప్పాను.

అన్న నన్ను ఏమీ అనలేదు. వదిన మాత్రం అంది. "నవ్వుర్రి. ఆయన నమ్మింది ఆ ఊరి ముచ్చట కాదు ఎంకన్నా, నిన్ను."

అది కూడా నాకు అప్పుడు జోకులాగే వినపడింది.

పోయినేడు నలుగురు దోస్తులతో కారులో నేను యానాం పోయాను. ఖమ్మంలో లోడు ఉందని ఇంట్లో అబద్ధం చెప్పాను. రెండు రోజులూ లాడ్జి గదిలో తాగి పడుకున్నాం. మేం చూసిన యానాం అంటే ఆ గది, కింద మందు దుకాణం. దోస్తుల్లో ఒకడు ఫోన్లో స్టేటస్ పెట్టాడు. అది అన్న కంట పడింది.

ఇంటికి వచ్చిన రోజు అన్నం తింటూ ఒకటే మాట అడిగాడు. "సముద్రం ఎట్లున్నదిరా?"

"ఉప్పగున్నది," అన్నాను. నేను సముద్రం చూడలేదు.

ఆ తర్వాత అన్న యానాం పేరెత్తలేదు.

వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం, లారీ ఖాళీ చేసి, మంచినీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేవలేదు. దవాఖానకు నా ట్రాలీలోనే తీసుకుపోయాను. దారిలోనే అయిపోయిందని డాక్టరు చెప్పాడు. ఫ్లెక్సీ కొట్టించడానికి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే దొరికింది ఆ పాస్‌పోర్టు ఫోటోలే.

మా దిక్కు మూడో రోజున పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరు ముందుకు పోయి, నీ పని నేను చేస్తా, నీ వాళ్ళను నేను చూసుకుంటా అని మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టరు.

కాలువ కట్ట మీద పెట్టాం. అన్నం, మటన్, ఉడికిన గుడ్డు, కల్లు. పది కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. గంటయింది. వదిన మాట ఇచ్చింది, మిల్లు మేస్త్రీ ఇచ్చాడు, వదిన తమ్ముడు ఇచ్చాడు. రెండు గంటలయింది. ఎండ ఎక్కింది.

"ఎవ్వని మీదనో కోపమున్నదిరా ఆయనకు. ఎవ్వడో చెప్పుర్రి, ఆకలైతున్నది," అన్నాడు మా కులం పెద్దమనిషి.

అందరూ పక్కకు చూశారు. నాకు ఆకలి, చిరాకు, లోపల ఇంకేదో. నోరు ఆగలేదు. ముందుకు పోయి దండం పెట్టి, "అన్నా, యానాం తీస్కపోత రా. పాస్‌పోర్టు అక్కర్లేదు," అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఒక కాకి దిగి గుడ్డు ఎత్తుకుపోయింది. దాని వెనక మిగతావన్నీ దిగాయి.

కాకికి ఆకలేసి దిగిందనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను. వదిన అనుకోలేదు.

"నీ నోటితోనే అన్నవ్. తీస్కపోయి చూపెట్టుకరా. అప్పటిదాక నా గడప తొక్కకు," అంది.

నాలుగు రోజుల్లో కోపం దిగుతుందని చూశాను. దిగలేదు. పొద్దున పోతే తలుపు వేసి ఉండేది. ఇరవై రోజులు హోటళ్ళలో తిన్నాను. అన్న పోయాడన్న సంగతి ఆ తిండితోనే నాకు తెలిసొచ్చింది. చివరికి బయలుదేరుతున్నానని గుమ్మం బయట నిలబడి చెబితే, తలుపు సందులోంచి అన్న పాస్‌పోర్టు ఫోటో ఒకటి ఇచ్చింది. "పక్క సీటు ఖాళీ ఉంచు," అంది. అంతే.

మిర్యాలగూడలో బస్సెక్కి కోదాడలో దిగి, విజయవాడ బస్సు మారాను. పక్క సీట్లో నా సంచి పెట్టాను. కండక్టరు వచ్చి, "ఎవరండీ ఇక్కడ?" అని అడిగాడు.

"మా అన్న. చాయ్ తాగ పోయిండు."

"బస్సు కదిలి పావుగంటైంది బాబూ, ఏ చాయ్?" అని నవ్వి సంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు. కానీ ఆ సీట్లో విజయవాడ దాకా ఎవరూ కూర్చోలేదు. ఖాళీ బస్సేం కాదు. ముగ్గురు నిలబడే వచ్చారు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున యానాంలో దిగాను. అన్న చెప్పినవన్నీ వరసగా చేశాను. టవర్ కింద నిలబడ్డాను. గోదావరి గట్టు మీద ఏనుగుల నడుమ పెద్ద శివలింగం, ఇంకోచోట చేతులు చాచిన ఏసుప్రభువు. అన్నీ చూశాను. చేప తిన్నాను, బీరు తాగాను. ఒక్కటీ రుచించలేదు. సముద్రం ఎటు అని ఆటో అతన్ని అడిగితే నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఊళ్ళో సముద్రం ఎక్కడుందండీ? ఇది గోదారి. సముద్రం కావాలంటే పడవేసుకుని కిందికెళ్ళాలి, గంట పైనే పడద్ది."

మా వైపు ఎవర్నడిగినా యానాం సముద్రం ఒడ్డునే అంటారు. వచ్చి పోయినవాళ్ళు కూడా అంటారు. నేనూ అన్నాను కదా.

రేవులో ఒక ముసలాయన ఇంజను పడవ మాట్లాడుకున్నాను. ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే. ఎండ బాగా కాస్తోంది. గాలి లేదు, నీళ్ళు పళ్ళెంలా ఉన్నాయి. అడ్డంగా వేసిన చెక్క మీద కుడి చివర కూర్చున్నాను.

ఇక్కడ నా పని గురించి ఒక మాట చెప్పాలి. ట్రాలీలో బరువు ఎటు ఒరిగిందో వెనక్కి చూడకుండా నా నడుముతో చెప్పగలను. ఒక్క బస్తా తేడా ఉన్నా తెలుస్తుంది. రేవు దాటిన కాసేపటికే నాకు తెలిసింది, పడవ ఎడమకు ఒరిగి పోతోంది. నేనున్నది కుడి వైపు.

పడవాయనకు నాకంటే ముందే తెలిసింది. "బాబూ, కుడివైపుకి జరగండి," అన్నాడు.

"ఇంకా జరిగితే నీళ్ళల్ల పడత తాతా."

ఆయన డీజిల్ డబ్బా, లంగరు తెచ్చి నా పక్కన పెట్టాడు. పడవ అట్లాగే ఉంది. ఇంజను ఆపేసి, అడుగు చెక్కలు ఎత్తి, నీళ్ళు చేరాయేమోనని చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. నా సంచి విప్పి చూపించమన్నాడు. తువ్వాల, నీళ్ళ సీసా.

"చిన్నప్పట్నుంచీ ఈ నీళ్ళ మీదే ఉన్నానండీ. అటేపు ఓ మనిషి బరువుంది. బాగా బరువైన మనిషే," అన్నాడు.

"మా అన్నే. టికెట్ లేకుండ ఎక్కిండు," అన్నాను.

ఆయన నవ్వలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, దారంతా ఎడమ వైపు చూడకుండా నడిపాడు.

నది సముద్రంలో కలిసే చోట ఒక ఇసుక తిన్నె ఉంది. దానికి పడవ ఆనించాడు. నేను ఇంకా కూర్చునే ఉన్నాను. పడవాయన వెనక ఇంజను దగ్గరే ఉన్నాడు. పడవ ఎడమకు ఒక్కసారి బాగా కుంగింది, లోడు దిగిన బండిలా పైకి లేచి, రెండు మూడు సార్లు ఊగి, తిన్నగా నిలబడింది. ఎవరైనా కాలు మోపి దిగితే పడవ ఎట్లా ఊగుతుందో అట్లాగే. ఇసుక మీద అడుగులేవీ లేవు. చూశాను.

తర్వాత కుడి వైపు నుంచి దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, జేబులోంచి అన్న ఫోటో తీసి సముద్రం వైపు పట్టుకున్నాను. చెప్పడానికి చాలా ఆలోచించుకుని వచ్చాను. తప్పైందని చెప్పాలనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం, "ఇగో అన్నా. నిజంగనే ఉప్పగున్నది." అంతే. ఫోన్లో ఫోటో తీశాను. టైము రెండూ ఐదు అని చూపిస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే ఎడమ వైపు కూర్చున్నాను. పడవ నా బరువుకే, నా బరువంతే ఒరిగింది. పడవాయన డీజిల్ డబ్బా కుడికి జరిపితే సరిపోయింది. ఆ గంటసేపు ఆ పడవ తప్పుగా ఒరగాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను.

మర్నాడు సాయంత్రం వదిన ఇంటికి చేరాను. తలుపు తెరిచే ఉంది. లోపలికి రమ్మంది. రెండు పళ్ళాలు పెట్టి ఉన్నాయి. ఒకటి నాకు, ఒకటి తనకు అనుకున్నాను. జరిగిందంతా చెప్పాను. పడవ ఒరగడం చెప్పాను. తిన్నె దగ్గర తిన్నగా కావడం చెప్పాను. ఫోటో తీసిన టైము చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

వదిన అంతా విని, "నిన్న పగటీలి రెండింటికా?" అంది.

నేను తల ఊపాను.

"అప్పుడే నాకు తెలిసింది. బియ్యంల రాళ్ళు ఏరుతున్న. ఇల్లు ఒక్కపారి బోసిపోయింది. ఇన్ని దినాలు ఇంట్లనే ఉండెరా ఆయన. నీ ఎంబడి పోయినంక గూడ నిన్న పగటిదాక మంచం కిర్రుమంటుండె, తౌడు వాసనొస్తుండె. నేను ఎవ్వరికి చెప్పలే, పిచ్చి లేసిందంటరని."

పని చక్కగా చేసి వచ్చానని, అన్నకు శాంతి కలిగిందని వదిన సంతోషిస్తుందనుకుంటూ వచ్చినవాణ్ణి నేను.

"చూపెట్టుకరమ్మన్న గదరా నిన్ను. రెండు రోజుల ముచ్చటకు పోయినోళ్ళు ఇంటికి రారా? గాడ ఇసుకల ఇడిసిపెట్టి ఒక్కనివే ఎట్లొచ్చినవ్?"

రెండో పళ్ళెం ఎవరిదో అప్పుడు అర్థమైంది.

వదిన ఆ తర్వాత నన్ను తిట్టలేదు. ఇప్పుడు రోజూ అన్నం పెడుతుంది, అడిగితే జవాబు చెబుతుంది. అడగకపోతే లేదు. నా జోకులు కూడా ఖతం. మిల్లు దగ్గర కొందరు ఆటుపోట్లు అన్నారు, కొందరు బీరు అన్నారు. ఒక్క బీరుకు పడవ ఒరగదు. పోనీ పడవ సంగతి వాళ్ళు చెప్పినట్టే అనుకుందాం. మిర్యాలగూడలో చాటలో బియ్యం పెట్టుకుని కూర్చున్న మనిషికి రెండు గంటలకు ఏం తెలిసింది? ఎట్లా తెలిసింది? నాకు అంతుపట్టలేదు. తిన్నె దగ్గర "ఎక్కన్నా, పోదాం" అని ఒక్క మాట అని ఉంటే అన్న మళ్ళీ ఎక్కేవాడా అన్నదీ తెలియదు. ఆ మాట అనాలని నాకు తోచనే లేదు.