పాలకాయతిప్పలో వెదురుపుల్ల

ఏడేళ్లుగా ఒక మాట నాలోనే మోస్తున్నాను. రోజూ డైరీ రాసేదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం “పాలకాయతిప్ప వెళ్లి వచ్చాం. ఎండగా ఉంది” అని రాసి ఊరుకున్నాను. మీకైనా చెప్పాలి.

గుడివాడలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. కరుణ, నేను కలిసి చంద్రుడి మీద తిరిగే బండికి చిన్న నమూనా చేశాం. అక్కడ దారి చెప్పే ఉపగ్రహాలుండవు. తానెక్కడుందో బండే తెలుసుకోవాలి. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడితే చాలనుకున్నాను నేను. ఇసుకలో చక్రం జారితే లెక్క తప్పుతుందని కరుణ అంది. వాళ్ల నాన్న పెడనలో కలంకారీ అచ్చులు వేస్తారు. అచ్చు పక్కన అచ్చు వేసుకుంటూ పోతే వెంట్రుకవాసి తేడా గుడ్డ కొసకు వేలెడవుతుందట. అందుకే ఆయన మధ్యమధ్య అంచు గీతతో సరిచూసుకుంటారట. అలాగే బండి కూడా కెమెరాతో చుట్టూ ఉన్న రాళ్లను చూసి తన చోటు సరిదిద్దుకోవాలి. ఆలోచన పూర్తిగా తనది.

తన పద్ధతే బండిలో పెట్టి, సారుతో, క్లాసువాళ్లతో కలిసి పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డుకు వెళ్లాం. అక్కడి ఇసుకలో, బండి బయల్దేరిన చోట వెదురుపుల్ల పాతాం. బండి ఒక చుట్టు తిరిగి అక్కడికే రావాలి. అందరూ బండి వెనక నడుస్తున్నారు. నా చున్నీ తగులుకుని పుల్ల పడిపోయింది. గుంట పూడిపోయింది. ఎవరూ చూడలేదు. అంచనాగా ఒకచోట గుచ్చాను. చెబితే అందరూ నావైపు తిరుగుతారు. అదే భయం. అంతేనా? ఆ ఆలోచన నాకు రాలేదన్న బాధ ఎక్కడో లేదా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా జవాబు మారుతూనే ఉంది.

బండి పుల్లకు మూడడుగుల దూరంలో ఆగింది.

“ఏమ్మా, మీ బండికి ఇల్లు గుర్తున్నట్టు లేదే,” అన్నారు సారు. అందరూ నవ్వారు. మళ్లీ తిప్పుదామంటే బ్యాటరీ అయిపోయింది.

కరుణ నా పక్కకు వచ్చి, “నా లెక్కే తప్పంటావా?” అంది నెమ్మదిగా.

“అయ్యుండొచ్చులేవే,” అన్నాను.

మళ్లీ వెళ్లి చూసేందుకు గడువు లేక, తన పద్ధతి తీసేసి, నా చక్రాల లెక్కతోనే రిపోర్టు ఇచ్చాం. పైచదువుల పరీక్ష రాయవా అంటే, “నా బుర్రకు అంత లేదులే,” అంది. ఇప్పుడు పెడనలో నెట్ సెంటర్ నడుపుతోంది. బాధపడుతున్నట్టు ఎప్పుడూ కనబడదు. నాకు అదే కష్టం.

ఆ మధ్య ఒక పత్రికలో చదివాను. అంగారకుడి మీది బండి, ఇసుకలో చక్రాలు జారినప్పుడు, రాళ్ల ఫొటోలు పోల్చి తానెంత కదిలిందో తెలుసుకుంటుందట. పత్రిక మూసేసి పాత డైరీలో ఆ రోజు పేజీ తీశాను.

కరుణకు ఎదురుగా చెప్పగలనో లేదో తెలియదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ రోజు తన లెక్క తప్పని తేలలేదు. పుల్లను కదిపింది నేను. తెలిసి కూడా ఆ మాట అన్నది నేను. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతే.